నంబర్ బావుంది.. ఆట ఏదీ?

పలాస జీడి బజారులో బస్తా బరువు ఒక్కటే చూసి ఎవరూ పిక్కలు కొనరు. చేత్తో గుప్పెడు తీసి, కోసి, లోపల పప్పు ఎంతుందో చూస్తారు. ఎందుకంటే తడి పిక్క కూడా బరువు తూగుతుంది. పుచ్చు పిక్క కూడా లెక్కకి వస్తుంది. ఎనభై కిలోల బస్తా అంటే ఎనభై కిలోల బస్తానే, కానీ అందులోంచి దిగే పప్పు వేరే లెక్క. గ్రేడు నంబర్ల సంగతి ఇంకా తమాషా. డబ్ల్యూ 320 కంటే డబ్ల్యూ 180 ఖరీదు ఎక్కువ. పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే నంబరది. నంబర్ చిన్నదైతే పప్పు పెద్దది!

ఇంత తెలివైన ఊళ్లో పుట్టి, ఆట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం బస్తా బరువే చూస్తాం. ఎన్ని పాయింట్లు కొట్టాడు? ఎన్ని గోల్స్ వేశాడు? యావరేజ్ ఎంత? ఫోన్ తీస్తే చాలు, నంబర్లు కుప్పలు కుప్పలు. పిక్క కోసి చూసే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. అందుకే ప్రతి ఆటలోనూ ఒక రకం స్టార్లు తయారవుతున్నారు. కాగితం మీద పులి, కోర్టులోకి దిగాక మామూలు మనిషి. ఇంకో రకం ఆటగాళ్లూ ఉన్నారు. జట్టు మొత్తం వాళ్ల భుజాల మీదే నడుస్తుంది, కానీ స్కోరుకార్డులో వాళ్ల పేరు ఎక్కడో కింద ఉంటుంది.

మన టైటాన్స్ కథే చూడండి

ఉద్దానం ఊళ్లలో ఏ సాయంత్రం చూసినా కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతి క్రికెట్... ఈ మూడింట్లో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. మనవాళ్లకి ప్రో కబడ్డీ అంటే తెలుగు టైటాన్స్. 2014లో లీగ్ మొదలైన మొదటి సీజన్లోనే విశాఖలో మ్యాచ్‌లు ఆడిన జట్టు కాబట్టి, శ్రీకాకుళం కుర్రాళ్లకి అది సొంత జట్టు కిందే లెక్క.

ఈ జట్టుకి పేరున్న రైడర్ల కొరత ఎప్పుడూ లేదు. మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి. ఏడో సీజన్లో, అంటే 2019లో, కోటీ 45 లక్షలు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చుకున్నారు. ఆ వేలంలో అతనే ఖరీదైన ఆటగాడు. అతను డబ్బుకి న్యాయం చేశాడా అంటే, కాగితం మీద తప్పకుండా చేశాడు. 217 రైడ్ పాయింట్లు తెచ్చాడు. మరి జట్టు? పన్నెండు జట్లలో పదకొండో స్థానం.

పదో సీజన్ సంగతి ఇంకా ఘోరం. పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు ధర. పవన్ కెప్టెన్‌గా ఉండి 200కి పైగా రైడ్ పాయింట్లు సాధించాడు. టైటాన్స్ మాత్రం 22 మ్యాచ్‌లలో రెండే రెండు గెలిచి అట్టడుగున కూర్చుంది.

దీన్ని బట్టి పవన్ ఆటగాడే కాదనేస్తే అంతకన్నా అన్యాయం ఉండదు. ఇదే పవన్ ఆరో సీజన్లో బెంగళూరు బుల్స్‌ని చాంపియన్ చేశాడు, ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి. ఏడో సీజన్లో హర్యానా స్టీలర్స్ మీద ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు తీశాడు. మనిషి గొప్పవాడే. కానీ ‘200 పాయింట్లు’ అనే నంబర్ చూసి జట్టు బాగా ఆడిందనుకుంటే మనం మోసపోయినట్టే. ఆ నంబర్ ఒక మనిషి ఎంత పోగేశాడో చెబుతుంది. దానివల్ల జట్టుకి ఎంత మిగిలిందో చెప్పదు.

పాట్నా పైరేట్స్‌ని చూస్తే తేడా తెలుస్తుంది. 2017లో ఐదో సీజన్లో పర్దీప్ నర్వాల్ 369 రైడ్ పాయింట్లు సాధించాడు, జట్టు టైటిల్ కొట్టింది. అక్కడ నంబరూ ఆటా ఒకటే మాట చెప్పాయి. అలా రెండూ కలిసినప్పుడు గొడవే లేదు. విడిపోయినప్పుడే మనం కళ్లు తెరవాలి.

కూత లెక్కలో మాయ ఎక్కడుంది?

కబడ్డీ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. అయినా ఒకసారి విడదీసి చూద్దాం.

ఒక ఊరి టోర్నమెంటు అనుకోండి. ఒక రైడర్ ఇరవై సార్లు కూతకి వెళ్లాడు. ఎనిమిది పాయింట్లు తెచ్చాడు. ఆరు సార్లు దొరికిపోయాడు. అదే జట్టులో ఇంకో కుర్రాడు పన్నెండు సార్లే వెళ్లాడు. ఆరు పాయింట్లు తెచ్చాడు. ఒక్కసారే దొరికాడు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఎవరి ఫొటో వస్తుంది? ఎనిమిది పాయింట్లవాడిదే! కానీ దొరికిన ప్రతిసారీ అవతలి జట్టుకి ఒక పాయింటు పోతుంది కదా. అది తీసేస్తే మొదటివాడు జట్టుకి మిగిల్చింది రెండు, రెండోవాడు మిగిల్చింది ఐదు. పైగా మొదటివాడు ఔటై బయట కూర్చున్న ప్రతిసారీ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడింది. ఆ లోటు ఏ కార్డులోనూ రాయరు.

రెండోది బోనస్. కోర్టులో ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది డిఫెండర్లు ఉన్నప్పుడు బోనస్ గీత దాటి కాలు పెడితే ఒక పాయింటు. అదీ నైపుణ్యమే, కాదనలేం. కానీ బోనస్‌తో అవతలివాడు ఔటవ్వడు, మనవాడు లోపలికి రాడు. టచ్ పాయింటుతో అవతల ఒకడు తగ్గుతాడు, ఇవతల ఒకడు బతుకుతాడు. స్కోరుబోర్డు మీద రెండూ ఒకటే ‘1’. కోర్టులో మాత్రం రెంటికీ చాలా తేడా ఉంది.

మూడోది డూ ఆర్ డై. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే, మూడో కూతలో పాయింటు తేవాల్సిందే, లేకపోతే రైడర్ ఔట్. ఆ కత్తి మీద సాము ఎవరు చేస్తున్నారో చూడండి. కొన్ని జట్లలో ఆ పనికి వేరే కుర్రాడు ఉంటాడు. పెద్ద రైడర్ ఔటవకుండా కాపాడుకోడానికి అతన్ని పంపుతారు. వ్యూహంగా అది తప్పు కాదు. అయితే కష్టమైన కూతలన్నీ ఒకడు తీసుకుని దొరికిపోతుంటే, సులువైన కూతలతో ఇంకొకడి లెక్క నిగనిగలాడుతుంది.

నాలుగోది టైమింగ్. పదిహేను పాయింట్ల తేడాతో ఓడిపోతున్న మ్యాచ్‌లో, చివరి మూడు నిమిషాల్లో అవతలి జట్టు నిదానించాక వచ్చే నాలుగు పాయింట్లు, 29-29 దగ్గర వచ్చే ఒక్క పాయింటుకి సాటి రావు. కానీ పది దాటితే ‘సూపర్ టెన్’ అని పడిపోతుంది, ఎప్పుడు వచ్చాయో ఎవరూ అడగరు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నప్పుడు ముప్ఫై సెకన్లూ కూత పెట్టి, ఎవరికీ దొరక్కుండా ఖాళీగా తిరిగొచ్చేవాడు జట్టుని గెలిపిస్తాడు. అతని ఖాతాలో పడేది సున్నా.

ఇక డిఫెండర్ల గోడు చెప్పనే అక్కర్లేదు. కార్నర్ వాడు కాలు పట్టగానే టాకిల్ పాయింటు అతని పేరు మీద పడుతుంది. రైడర్ని ఆ మూలకి తోసుకొచ్చిన కవర్ డిఫెండర్, గీత దాటనివ్వకుండా మీద పడిన మిగతా ఇద్దరు... వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. నలుగురు కలిసి లాగిన వలలో చేప ఒకడి బుట్టలోనే పడ్డట్టు!

రెండు మ్యాచ్‌లూ ఓడి ఒలింపిక్ పతకం

నంబర్ల మాయకి హాకీలో దొరికినంత మంచి ఉదాహరణలు ఇంకెక్కడా దొరకవు. 1932 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్. హాకీకి వచ్చినవి మూడే జట్లు: ఇండియా, జపాన్, అమెరికా. మనవాళ్లు జపాన్ని 11-1తో, అమెరికాని 24-1తో చిత్తు చేశారు. అమెరికా మీద రూప్ సింగ్ పది గోల్స్ కొట్టాడు, అతని అన్న ధ్యాన్‌చంద్ ఎనిమిది. అమెరికా జపాన్ చేతిలో కూడా 2-9తో ఓడింది. అంటే ఆడిన రెండూ ఓడిపోయింది. అయినా ఇంటికి కాంస్య పతకం పట్టుకెళ్లింది! రికార్డు పుస్తకంలో ‘ఒలింపిక్ పతక విజేతలు’ అనే రాసుంటుంది. అది అబద్ధమూ కాదు. కానీ ఆ మాట విని ఆ జట్టు ఆట ఎలా ఉండేదో ఊహించుకుంటే మాత్రం బోల్తా పడతాం.

మన పది గోల్స్, ఎనిమిది గోల్స్ కూడా అదే తరాజులో పెట్టాలి. ధ్యాన్‌చంద్ గొప్పతనం ఆ రోజు కొట్టిన ఎనిమిది గోల్స్‌లో లేదు. 1928, 1932, 1936... మూడు ఒలింపిక్ స్వర్ణాల్లో, బలమైన జట్ల మీద ఆడిన ఆటలో ఉంది.

ఇప్పటి హాకీకి వద్దాం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో హర్మన్‌ప్రీత్ సింగ్ పది గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్. కాంస్యం కోసం స్పెయిన్‌తో ఆడిన మ్యాచ్‌లో 2-1తో గెలిచాం, రెండు గోల్సూ అతనివే, రెండూ పెనాల్టీ కార్నర్లే. అతని డ్రాగ్ ఫ్లిక్ ప్రపంచ స్థాయిది, సందేహం లేదు. కానీ పెనాల్టీ కార్నర్ ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక ఫార్వర్డ్ సర్కిల్లోకి దూసుకెళ్లి, డిఫెండర్ చేత తప్పు చేయిస్తేనే అది దక్కుతుంది. తర్వాత ఒకడు గీత దగ్గర్నుంచి బంతి నెట్టాలి, ఇంకొకడు దాన్ని సర్కిల్ అంచున కదలకుండా ఆపాలి. అప్పుడు ఫ్లిక్. నలుగురి పని, గోల్ ఒకరిది. ఆ కార్నర్ సంపాదించిన ఫార్వర్డ్ టోర్నీ అంతా సున్నా గోల్స్‌తో మిగిలిపోతే ‘వీడేం ఫార్వర్డ్’ అని మనం ఫోన్లో కామెంట్ పెట్టేస్తాం.

గోల్‌కీపర్ లెక్క దీనికి తలకిందులు. మన చిత్తూరు జిల్లా నుంచి భారత జట్టు దాకా వెళ్లిన ఎతిమరపు రజని ఆడింది ఈ స్థానంలోనే. ‘ఈ మ్యాచ్‌లో పది సేవ్‌లు’ అంటే కీపర్ అదరగొట్టిందని అర్థం కావచ్చు. ముందున్న డిఫెన్స్ జల్లెడలా ఉందని కూడా అర్థం కావచ్చు. రెండే సేవ్‌లు ఉన్న కీపర్ మ్యాచ్ మొత్తం అరుస్తూ, డిఫెండర్లని సరైన చోట నిలబెట్టి, షాటే రానివ్వకుండా చేసుండొచ్చు. అరుపులకి పాయింట్లు లేవు కదా!

మంచు మీద ఆడే ఐస్ హాకీలో ఈ గొడవ మరీ పెద్దది. జొనాథన్ చీచూ అనే ఆటగాడు 2005-06 సీజన్లో శాన్ హోసే షార్క్స్ తరఫున 56 గోల్స్ కొట్టాడు. ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ మొత్తానికి అదే టాప్. ఏమైందంటే, ఆ సీజన్ మధ్యలో జో థార్న్‌టన్ అనే అద్భుతమైన పాసర్ ఆ జట్టులోకి వచ్చాడు. అతను బంగారు పళ్లెంలో పెట్టి అందిస్తుంటే చీచూ గోల్లోకి తోశాడు. తర్వాతి సీజన్లో 37, ఆ తర్వాత 23, ఆ తర్వాత 12. గాయాలూ తోడయ్యాయి, నిజమే. జట్టు మారాక మాత్రం ఆ సీజన్ మొత్తంలో ఐదు గోల్సే. 56 అన్న నంబర్లో సగం కథ ఇంకొకడిది.

అక్కడివాళ్లు ఇది సరిచేద్దామని ‘ప్లస్-మైనస్’ అనే లెక్క తెచ్చారు. రెండు జట్లూ సమాన సంఖ్యలో ఉన్నప్పుడు, నువ్వు మంచు మీద ఉండగా మీ జట్టు గోల్ వేస్తే నీకు ప్లస్ ఒకటి, గోల్ తింటే మైనస్ ఒకటి. బాగానే ఉందనిపిస్తుంది. కానీ మంచి ఆటగాళ్ల పక్కన ఊరికే తిరిగేవాడికీ ప్లస్‌లే, పాడు జట్టులో ప్రాణం పెట్టేవాడికీ మైనస్‌లే. ఒక మాయని పోగొట్టడానికి తెచ్చిన నంబర్ ఇంకో మాయ అయి కూర్చుంది.

యావరేజ్ కాపాడుకునే బ్యాటర్

ఇప్పుడు మన ఊరి గ్రౌండుకి వద్దాం. పలాస, టెక్కలి, సోంపేట, కవిటి... సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో జరిగే టెన్నిస్ బంతి టోర్నమెంట్లలో ఇప్పుడు స్కోరు నోటుబుక్కులో రాయడం తగ్గిపోతోంది. ఫోన్ యాప్‌లో ఎక్కిస్తారు. ప్రతి కుర్రాడికీ ఒక ప్రొఫైల్, మొత్తం పరుగులు, యావరేజ్, స్ట్రైక్ రేట్. చూసుకోడానికి భలే ఉంటుంది. పదహారేళ్ల కుర్రాడికి తన పేరు పక్కన ‘యావరేజ్ 41’ కనిపిస్తే ఆ కిక్కే వేరు!

ఇక్కడే పేచీ. పది ఓవర్ల మ్యాచ్, టార్గెట్ 96 అనుకోండి. ఓపెనర్ 36 బంతులాడి 40 నాటౌట్. మిగతావాళ్లు మిగిలిన 24 బంతుల్లో 38 కొట్టారు. మొత్తం 78. జట్టు 17 పరుగులతో ఓడింది. యాప్‌లో ఓపెనరే టాప్ స్కోరర్. పైగా నాటౌట్ కాబట్టి అతని యావరేజ్ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పరుగుల్ని ఔటైన సార్లతోనే భాగిస్తారు. సిక్సర్‌కి ప్రయత్నించి ఎనిమిదికి ఔటైన కుర్రాడి యావరేజ్ పడిపోతుంది. జట్టు కోసం ఆడినవాడికి శిక్ష, ఓటమిలో తన వికెట్ దాచుకున్నవాడికి బహుమానం.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. 1975 జూన్ 7, లార్డ్స్ మైదానం, మొట్టమొదటి ప్రపంచ కప్ మొదటి రోజు. ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 కొట్టింది. మన సునీల్ గవాస్కర్ ఓపెనర్‌గా దిగి చివరిదాకా నిలబడ్డాడు. 174 బంతుల్లో 36 నాటౌట్! ఇండియా మూడే వికెట్లు పోగొట్టుకుని 132 దగ్గర ఆగింది. 202 పరుగుల తేడాతో ఓడింది. ‘నాటౌట్’ అనే మాటలో గెలిచిన వాసన ఉంటుంది. ఆ రోజు అది ఉత్త వాసనే. అంతటి గవాస్కర్‌కే తప్పనిది మనకి తప్పుతుందా?

మరి అబద్ధం ఆడని నంబరే లేదా?

ఉంది. మన జిల్లాలోనే ఉంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకి వెళ్లింది, బార్ నిలవలేదు. అంతే, లెక్క అయిపోయింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పాస్ ఇచ్చేవాడు లేడు, కవర్ చేసేవాడు లేడు. లేచిందా, లేవలేదా? అక్కడ నంబరే ఆట.

జట్టు ఆటలో అలా కుదరదు. ఏడుగురి పని, పదకొండుగురి పని ఒక్కడి పేరు మీద రాసినప్పుడు కొంత పోతుంది, కొంత ఎక్కువ పడుతుంది. అందుకని నంబర్లు అవతల పారేయమని కాదు. నంబర్ లేకపోతే ‘మావాడు బాగా ఆడతాడు’ అనే బంధుప్రీతి రాజ్యమేలుతుంది. అది ఇంకా ప్రమాదం. ఉద్దానం మూలనున్న ఊళ్లోంచి, వెనక ఎవరూ లేని కుర్రాడు సెలెక్టర్ ముందుకి రావాలంటే అతనికి ఉన్న ఒక్క ఆధారం ఆ నంబరే. దాన్ని లాక్కోకూడదు. దాన్ని చదవడం నేర్చుకోవాలి.

ఐదు ప్రశ్నలు అడగండి

ఈసారి ఎవరి స్కోరైనా చూసినప్పుడు, మీ స్కోరైనా సరే, ఈ ఐదూ అడిగి చూడండి.

ఒకటి: ఎన్ని అవకాశాల్లో వచ్చింది? ఇరవై కూతల్లో ఎనిమిదా, పన్నెండింట్లో ఆరా?

రెండు: దానికి జట్టు ఏం చెల్లించింది? దొరికిపోయిన సార్లు, తిన్న బంతులు, వదిలేసిన డిఫెన్స్.

మూడు: ఎప్పుడు వచ్చింది? మ్యాచ్ ఊగుతున్నప్పుడా, తేలిపోయాకా?

నాలుగు: ఎవరి మీద వచ్చింది? 24-1 మ్యాచ్‌లోనా, 2-1 మ్యాచ్‌లోనా?

ఐదు: పక్కన ఎవరున్నారు? థార్న్‌టన్ పాస్ ఇస్తే వచ్చిందా, ఒంటరిగా తవ్వుకున్నదా?

ఈ ప్రశ్నలతో నిజంగా లాభపడేది కోచ్‌లు, టోర్నమెంటు కమిటీలు. ఊరి టోర్నీల్లో ‘బెస్ట్ రైడర్’, ‘బెస్ట్ బ్యాట్స్‌మన్’ కప్పులు ఎలాగూ ఇస్తారు. పక్కన ఇంకొక్క కప్పు పెట్టండి: తోటి ఆటగాళ్లు ఓటేసి ఇచ్చేది. తమ జట్టులో ఎవరు లేకపోతే ఆట నడవదో కోర్టులో ఉన్న ఆరుగురికి తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలీదు. స్కోరు రాసే కుర్రాడు ఒక గడి ఎక్కువ గీసి, దొరికిపోయిన కూతలు కూడా రాస్తే చాలు, సగం మాయ అక్కడే వదిలిపోతుంది.

ఎందుకు ఇంత చెప్పుకోవాలంటే, నష్టం కప్పుతో ఆగదు. నంబర్ కోసం ఆడటం అలవాటైన కుర్రాడు పదిహేడో ఏట జిల్లా సెలెక్షన్‌కి వెళ్తాడు. అక్కడ ఎదురుగా తనలాంటి వాళ్లే వందమంది. ఊళ్లో సులువుగా వచ్చిన పాయింట్లు అక్కడ రావు. కష్టమైన కూత ఎప్పుడూ తీసుకోలేదు కాబట్టి దాన్ని ఎలా తీసుకోవాలో తెలీదు. ఇంకో పక్క, ఏడేళ్లు కవర్‌లో నిలబడి జట్టుని మోసిన కుర్రాడు ‘నా దగ్గర చూపించడానికి ఏముంది’ అనుకుని బస్సే ఎక్కడు. ఒకడికి లేనిపోని ఆశ, ఒకడికి లేనిపోని నిరాశ. రెండూ ఒకే స్కోరుకార్డు పెట్టిన చిచ్చే.

తెలుగు టైటాన్స్ కథకి ఒక కొసమెరుపు ఉంది. పదకొండో సీజన్లో జట్టు కాస్త కోలుకుని, తృటిలో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. 2025లో పన్నెండో సీజన్‌కి పవన్ జట్టులో లేడు. విశాఖలోనే లీగ్ మొదలైంది. విజయ్ మాలిక్ కెప్టెన్. రికార్డు ధర ట్యాగ్ ఎవరి మెడలోనూ లేదు. పాయింట్లు పంచుకున్నారు, డిఫెన్స్ నిలబడింది, టైటాన్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది.

వచ్చే సంక్రాంతికి మీ ఊరి కోర్టు దగ్గర నిలబడినప్పుడు, కూతకెళ్లిన వాణ్ణి అందరూ చూస్తారు. మీరు ఒక్క ఐదు నిమిషాలు ఎడమ కవర్‌లో ఉన్న కుర్రాణ్ణి చూడండి. పిక్క కోస్తేనే కదా పప్పు కనిపించేది!